టేకు కుర్చీ కాళ్లకి రౌటర్ ఫర్మా అతికించడానికి ఏ డబుల్ టేప్ మంచిది?

ప్రాణహిత_వడ్రంగి (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్తే. మాది సిరోంచ. గోదావరికి ఇటు మేము, అటు కాళేశ్వరం. ఇంట్లో వడ్రంగం తాత నాటి నుంచి ఉంది. నాన్న కుర్చీ కాళ్ల వంపులు బాడితతో చెక్కి, ఉలితో సాపు చేసి, రందాతో ముగించేవారు. నేను ఈ మధ్యే రౌటర్ (బిట్‌ని వేగంగా తిప్పి చెక్క కోసే కరెంటు మెషిన్) పనిలోకి వచ్చాను. పావు అంగుళం ట్రిమ్మర్ (చిన్న రౌటర్) ఒకటి, అర అంగుళం రౌటర్ ఒకటి ఉన్నాయి.

ఇప్పుడు ఆరు డైనింగ్ కుర్చీల ఆర్డర్ చేతిలో ఉంది. వెనక కాళ్లు పన్నెండూ ఒకే వంపులో రావాలి. కర్ర ఆలపల్లి టేకు, మందం 45 ఎంఎం. 9 ఎంఎం ఎండీఎఫ్‌తో (చెక్క నార నొక్కి చేసే షీట్) ఫర్మా, అంటే కాలి ఆకారపు అచ్చు, కోసి, అంచులు నున్నగా చేసి పెట్టుకున్నాను. కాలిని ముందు జిగ్సాతో గీతకి కాస్త బయటగా కోస్తాను. తర్వాత దాని మీద ఫర్మాని డబుల్ టేప్‌తో అతికించి, బేరింగ్ ఉన్న బిట్‌తో చుట్టూ తిప్పుతాను. బేరింగ్ ఫర్మా అంచుని ఆనుకుని నడుస్తుంది, బిట్ చెక్కని అదే ఆకారంలో కోస్తుంది. గొడవంతా ఆ టేప్ దగ్గరే.

మొదట గోడకి హుక్కులు అతికించే తెల్ల ఫోమ్ టేప్ వాడాను. చేత్తో లాగితే రాదు, అంత పట్టు ఉంది. కానీ బిట్ చెక్కని తాకగానే ఫర్మా పక్కకి ఊగుతోంది. రెండు కాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే వంపు దగ్గర దాదాపు ఒక ఎంఎం తేడా. అది తీసేసి స్టేషనరీ షాపులో దొరికే పల్చటి టిష్యూ టేప్ తెచ్చాను. పొద్దున పూట బాగా పట్టింది. మధ్యాహ్నం రేకుల షెడ్డు వేడెక్కాక ఫర్మా మెల్లగా జారి, బిట్ గీత లోపలికి వచ్చేసింది. ఒక కాలు పోయింది. ఆ తర్వాత కారు బంపర్లకి వాడతారని చెప్పి షాపతను బూడిద రంగు టేప్ ఒకటి ఇచ్చాడు. అది అసలు కదల్లేదు. అయితే మధ్యలో కరెంటు పోయి పని ఆగింది. మర్నాడు పొద్దున తీయబోతే ఎండీఎఫ్ పై పొర ఊడి టేకుకే అతుక్కుని ఉండిపోయింది.

మాకు గడ్చిరోలి వెళ్లాలంటే సుమారు 200 కిలోమీటర్లు, ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకి తెలుసు. సామాను కోసం మంచిర్యాల వెళ్తాం, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాం. కాబట్టి ఊరికే ఒక్కో రకం కొని చూసే పరిస్థితి లేదు. ఏ రకం కొనాలి, ఎంత మందం ఉండాలి, ఎంత పెట్టాలి, చెక్క లేవకుండా ఎలా తీయాలి? టేకులో నూనె ఉంటుంది కదా, దాని వల్ల పట్టు తగ్గుతుందా? వాడినవాళ్లు వివరంగా చెప్పండన్నా.


బల్లార్షా_కొయ్యపని (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

తమ్ముడూ, నువ్వు వాడిన ఒక్కో టేప్ ఏం చేసిందో చాలా స్పష్టంగా రాశావు. జవాబులో సగం అందులోనే ఉంది.

షాపులో టేప్ అమ్మేటప్పుడు ఇన్ని కిలోలు మోస్తుంది, లాగినా ఊడదు అని చెబుతారు. మనకి కావాల్సింది ఆ బలం కాదు. రౌటర్ బిట్ ఫర్మాని పైకి లాగదు. బేరింగ్ ద్వారా పక్కకి నెడుతుంది. పక్కకి నెట్టినప్పుడు కదలకుండా ఉండాలంటే ముందు చూడాల్సింది టేప్ మందం, ఆ తర్వాతే జిగురు. నీ ఫోమ్ టేప్ ఒక ఎంఎం దాకా ఉంటుంది. పైన ఫర్మాకి, కింద చెక్కకి జిగురు గట్టిగానే పట్టి ఉంటుంది, కానీ మధ్యలో ఉన్న స్పాంజి వంగుతుంది. బిట్ దాటిపోగానే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అందుకే నీకు టేప్ ఊడినట్టు ఎక్కడా కనపడదు, కొలత మాత్రం మారిపోతుంది. ఎంత ఖరీదైన ఫోమ్ టేప్ అయినా ఫర్మా పనికి కొనొద్దు.

టిష్యూ టేప్ మందం 0.1 ఎంఎం దరిదాపుల్లో ఉంటుంది. మందం పరంగా అది మంచిదే. నీది జారింది వేడికి. చవక టేపుల్లో ఎక్కువ భాగం రబ్బరు జాతి జిగురుతో వస్తాయి. అంటించగానే టక్కున పట్టుకుంటాయి, వేడెక్కితే మెత్తబడతాయి. మన దగ్గర మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. దానికి తోడు బిట్ రాపిడి వేడి. ఆ జిగురు ఎలా నిలబడుతుంది? యాక్రిలిక్ జిగురు టేప్ అడుగు. అంటించిన వెంటనే దాని పట్టు కాస్త తక్కువ అనిపిస్తుంది, కానీ వేడిని బాగా తట్టుకుంటుంది. చుట్ట మీదో, ఆన్‌లైన్‌లో పెట్టే కంపెనీ వివరాల్లోనో జిగురు ఏ రకమో రాసి ఉంటుంది. అది రాయని టేప్ నేను కొనను.

నేను ఎక్కువగా వాడేది గుడ్డ టేప్. తివాచీలు నేలకి అతికించడానికి అమ్ముతారు, రెండు వైపులా జిగురు, మధ్యలో నేత గుడ్డ. టిష్యూ కంటే కాస్త మందం, 0.2 నుంచి 0.3 ఎంఎం. దీనిలో నాకు బాగా నచ్చేది తీసే పద్ధతి. మధ్యలో గుడ్డ ఉంది కాబట్టి ముక్క మొత్తం ఒకే పట్టాగా లేచి వస్తుంది. టిష్యూ అయితే చిరిగి సగం చెక్క మీదే మిగిలిపోతుంది, దాన్ని గోటితో గీక్కుంటూ కూర్చోవాలి.

ఆ బూడిద రంగు టేప్ సంగతి. అది యాక్రిలిక్ ఫోమ్ జాతిది అయి ఉంటుంది. వాటి పట్టు గంటగంటకీ పెరుగుతుంది. 3ఎం వాళ్ల వీహెచ్‌బీ టేప్ వివరాల్లోనే ఉంటుంది, మామూలు గది వేడిలో 20 నిమిషాలకి సగం పట్టు, 24 గంటలకి 90 శాతం, 72 గంటలకి పూర్తి పట్టు అని. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా ముదురుతుంది. శాశ్వతంగా అతకాల్సిన వస్తువుకి అది గొప్ప టేప్. పావుగంటలో విప్పాల్సిన ఫర్మాకి దాన్ని వాడటమంటే ఎండీఎఫ్‌ని బలి ఇవ్వడమే. ఎండీఎఫ్ పై పొరకి సొంత బలం తక్కువ, టేప్ కంటే ముందు అదే ఊడుతుంది.

దీనికి నేను చేసే పని ఒకటుంది. ఫర్మాకి సన్‌మైకా అతికించేస్తాను. ఏ ప్లైవుడ్ షాపులో అడిగినా తుక్కు ముక్కలు ఇస్తారు. ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా బరువు పెట్టి, పొద్దున అంచులు ట్రిమ్ చేస్తే చాలు. నున్నటి ముఖం మీద టేప్ పూర్తిగా పడుతుంది, తీసేటప్పుడు శుభ్రంగా వస్తుంది, ఫర్మా నీ పిల్లల కాలానికి కూడా పనికొస్తుంది. సన్‌మైకా కుదరకపోతే శాండింగ్ సీలర్ (పాలిష్‌కి ముందు వేసే పూత) రెండు కోట్లు వేసి 220 కాగితంతో రుద్దు. ఒట్టి ఎండీఎఫ్ మీద టేప్ అసలు వేయొద్దు, ఆ ముఖం మీద ఎప్పుడూ సన్నటి పొడి ఉంటుంది.

ఇక టేకు నూనె. దాని ప్రభావం ఉంది. రందా పట్టిన ముఖాన్ని, అంటించే ముందు తిన్నర్‌లో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరగానే అంటించెయ్. తుడిచి మధ్యాహ్నం దాకా వదిలేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది, దుమ్మూ పడుతుంది.

అన్నిటికంటే పెద్ద విషయం నొక్కడం. ఈ జిగురు ఒత్తిడితో పట్టే జిగురు. చాలామంది ఫర్మా పెట్టి అరచేత్తో తట్టి వదిలేస్తారు, పట్టలేదని ఇంకో నాలుగు ముక్కలు టేప్ వేస్తారు. నాలుగు ముక్కలు ఎక్కువ వేస్తే అదే ఒత్తిడి నాలుగు చోట్లకి పంచుకుపోతుంది. తక్కువ టేప్ వేసి, సరిగ్గా ముక్క ఉన్న చోటే సీ-క్లాంప్ బిగించి అర నిమిషం ఉంచు. తేడా నీకే తెలుస్తుంది. నీ కాలి పొడవుకి రెండు అంగుళాల ముక్కలు నాలుగైదు సరిపోతాయి. రెండు చివర్లకీ దగ్గరగా ఒక్కోటి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఫర్మా ఎప్పుడూ చివర్నుంచే లేస్తుంది. ముక్క అంచు ఫర్మా అంచుకి రెండు మూడు ఎంఎం లోపలే ఆగాలి. బయటికి వస్తే జిగురు బేరింగ్‌కి చుట్టుకుంటుంది, దాని మీద పొడి పేరుకుంటుంది, బేరింగ్ పెద్దదైపోయి కాలు లావుగా వస్తుంది. అప్పుడు కొలత ఎందుకు తప్పిందో ఎంత వెతికినా దొరకదు.


రాయగడ_లేజర్ (రాయగడ, ఒడిశా)

నమస్తే అండీ. నేను వడ్రంగం చేయను, లేజర్ కటింగ్ షాపు నడుపుతాను. ఇక్కడి తెలుగు వడ్రంగులు చాలామంది ఫర్మాలు నా దగ్గరే కోయించుకుంటారు కాబట్టి టేప్ కష్టాలన్నీ నా బల్ల దగ్గరికే వస్తాయి.

ఎండీఎఫ్ బదులు పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ షీట్‌తో ఫర్మా చేయించుకుంటే ఒక లాభం ఉంది తమ్ముడూ. టేప్ ఎక్కడ పట్టిందో పైనుంచే కనపడుతుంది. సరిగా నొక్కిన చోట టేప్ తడిసినట్టు చిక్కగా ఉంటుంది. గాలి ఉన్న చోట తెల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆ తెల్ల మచ్చలు పోయేదాకా క్లాంప్ వేస్తే చాలు. బల్లార్షా అన్నగారు నొక్కడం గురించి చెప్పింది అక్షరాలా నిజం, యాక్రిలిక్‌లో దాన్ని కళ్లతో చూడొచ్చు. ఇంకోటి, కింద టేకు నార ఎటు పోతోందో, ముడి ఎక్కడ పడుతోందో చూసుకుంటూ ఫర్మాని జరుపుకోవచ్చు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. షీట్ మీద కాగితమో ప్లాస్టిక్ పొరో అతికించి వస్తుంది. గీతలు పడతాయని దాన్ని అలాగే ఉంచి, దాని మీదే టేప్ వేసేవాళ్లు ఉన్నారు. ఆ పొర ఊడిరావడానికే పెట్టింది, బిట్ తగలగానే పొరతో సహా ఫర్మా కదిలిపోతుంది. టేప్ వేసే ముఖం వరకైనా దాన్ని ఒలిచేయాలి.

యాక్రిలిక్ ఫర్మాకి తిన్నర్ గానీ, స్పిరిట్ గానీ అసలు తగలనివ్వకండి. లేజర్‌తో కోసిన అంచుల్లో వేడి వల్ల లోపల బిగువు ఉండిపోతుంది. అక్కడ తిన్నర్ చుక్క పడితే సన్నటి పగుళ్లు వెంట్రుకల్లా పాకుతాయి. ఆ పగుళ్ల మీద బేరింగ్ నడిస్తే ఆ గతుకులన్నీ చెక్క మీదికి దిగుతాయి. జిగురు మిగిలితే అదే టేప్ ముక్కని మడిచి దాని మీద అద్దుతూ పైకి లాగండి, చాలావరకు అంటుకుని వచ్చేస్తుంది. మిగిలింది సబ్బునీళ్లతో పోతుంది. చెక్కని తిన్నర్‌తో తుడిచినా, పూర్తిగా ఆరాకే యాక్రిలిక్ ఫర్మా పెట్టండి.

బేరింగ్ కూడా హాయిగా తిరుగుతూ ఉండాలి. ట్రిమ్మర్లు నిమిషానికి 30 వేల చుట్లు తిరుగుతాయి. బేరింగ్ దుమ్ముతో బిగుసుకుపోతే అది బిట్‌తో పాటే గిరగిరా తిరిగి, యాక్రిలిక్ అంచుని కరిగించి గాడి చేస్తుంది. ఎండీఎఫ్ అయితే కాలిన నల్ల మచ్చతో ఆగుతుంది, యాక్రిలిక్ అలా క్షమించదు. మందం 6 ఎంఎంకి తగ్గించకండి. ఇంకా పల్చగా ఉంటే షీట్ వంగి చివర్లు టేప్‌ని పైకి పీకుతాయి.


మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

బాబూ, నేను డబుల్ టేప్ వాడటం దాదాపు మానేశాను. నా పద్ధతి చెబుతాను, నచ్చితే చెయ్యి.

ఫర్మాకి ఒక పట్టీ, చెక్కకి సరిగ్గా అదే చోట ఒక పట్టీ మాస్కింగ్ టేప్ వేస్తాను. రెండింటినీ ప్లాస్టిక్ కార్డుతో గట్టిగా రుద్దుతాను. తర్వాత ఒక పట్టీ మీద ఫెవిక్విక్ సన్నటి గీతలా వేసి, రెండో దాని మీద పెట్టి నొక్కి పట్టుకుంటాను. అంతే. మధ్యలో మెత్తటిదేమీ ఉండదు, గట్టిపడిన జిగురు రాయిలా ఉంటుంది. పక్కకి నెడితే కదలదు. తీసేటప్పుడు పుట్టీ బ్లేడు అంచుని చివర్లో దూర్చి తిప్పితే ఫర్మా లేస్తుంది, రెండు పట్టీలూ ఒలిచేస్తే చెక్క మీద ఏమీ మిగలదు. గుమ్మడి టేకు లాంటి మెత్తటి కర్ర మీద మామూలు డబుల్ టేప్ నార పీకేస్తుంది. మా దగ్గర ఆ కర్ర పని ఎక్కువ, అందుకే ఈ దారికి వచ్చాను.

నీ ఊరి వాతావరణానికి ఒక మాట. ఫెవిక్విక్ జాతి జిగురు గాలిలో ఉండే తేమతో గట్టిపడుతుంది. మాకు సముద్రం దగ్గర, గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, అర నిమిషంలో పట్టేస్తుంది. మీ చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఎండాకాలంలో పొడిగాలి. అక్కడ ఇంకాసేపు నొక్కి పట్టుకోవాలి, లేదా ఎండీఎఫ్ అతికించే కిట్‌తో వచ్చే స్ప్రే రెండో పట్టీ మీద కొట్టాలి. అది కొడితే పది సెకన్లలో పట్టేస్తుంది.

మాస్కింగ్ టేప్‌లో కూడా రకాలున్నాయి. ముడతలు ముడతలుగా ఉండే చవక కాగితం టేప్ సాగుతుంది, ఈ పనికి అది బలహీనం. పెయింటర్లు వాడే నీలం రంగుది, నున్నగా పల్చగా ఉండేది తీసుకో. దాన్ని కూడా ఎండలో వదిలేయొద్దు, జిగురు చెక్కలోకి దిగుతుంది.

ఇది ఎవరు చెప్పినా చెప్పకపోయినా నేను చెబుతాను. నూలు గుడ్డతో గానీ, నూలు గ్లౌజులతో గానీ ఫెవిక్విక్ తుడవొద్దు. నూలుకి తగిలితే ఆ జిగురు ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. కారిన చుక్కని అలా వదిలేసి, గట్టిపడ్డాక చాకుతో లేపేయ్.


ప్రాణహిత_వడ్రంగి (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అందరికీ చాలా థాంక్స్. ఫోమ్ మధ్యలో వంగి మళ్లీ వెనక్కి వస్తుందన్న మాట చదివాక ఆ ఒక ఎంఎం తేడా ఎక్కడిదో అర్థమైంది. పనికిరాకుండా పోయిన కాలు ఉంది కదా, దాని మీదే సన్‌మైకా వేసిన ఫర్మాని గుడ్డ టేప్‌తో అతికించి చూశాను. క్లాంప్ వేసి తీశాక, సుత్తి పిడితో పక్కనుంచి కొట్టినా కదల్లేదు. మంచిర్యాలలో తివాచీలు అమ్మే షాపులోనే దొరికింది.

ఇంకా రెండు సందేహాలు. నా బిట్ కోత పొడవు 25 ఎంఎం, కాలి మందం 45. ఒక్కసారికి అందదు. రెండో సగానికి ఫర్మాని మళ్లీ అవతలి ముఖం మీద అతికించాలా? అలా చేస్తే రెండు సగాలూ కలిసే చోట మెట్టు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. రెండోది, వంపు సగం దాటగానే చెక్క పెచ్చులు లేస్తోంది. ఇది టేప్ తప్పు కాదని తెలుసు, కానీ పెచ్చు లేచిన ప్రతిసారీ బిట్ కొట్టే దెబ్బకి ఫర్మా అదురుతోంది.


బల్లార్షా_కొయ్యపని (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

ఈ రెండూ టేప్‌కి సంబంధించినవే తమ్ముడూ. టేప్ మీద పడే బరువు ఎంతన్నది మనం బిట్‌తో ఎంత తినిపిస్తున్నామన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఫర్మాని రెండోసారి అతికించొద్దు. పైన షాంక్ (మెషిన్‌లో బిగించే కాడ) వైపు బేరింగ్ ఉన్న బిట్‌తో, ఫర్మా ఆనుకుని మొదటి 20 ఎంఎం దాకా కోసెయ్. ఇప్పుడు కాలి మీద నీకు సరైన గోడ తయారైంది. ఫర్మా తీసేయ్. బిట్‌ని కిందికి దించి, బేరింగ్ ఆ కోసిన గోడ మీదే నడిచేలా పెట్టి మిగతాది తీయి. అడుగున ఇంకా కొంచెం మిగిలితే కాలిని తిరగేసి, కొన వైపు బేరింగ్ ఉన్న బిట్‌తో అదే గోడని ఆనుకుని ముగించు. ఫర్మా ఒక్కసారే అంటుతుంది కాబట్టి మెట్టు రావడానికి దారే లేదు. టేప్ కూడా సగం పనికే నిలబడితే చాలు. అయితే మొదటి కోతలో గోడ శుభ్రంగా ఉండాలి. అక్కడ గీత పడితే అది అడుగు దాకా దిగుతుంది.

జిగ్సాతో కోసేటప్పుడు గీతకి బయట రెండు ఎంఎం కంటే ఎక్కువ వదలొద్దు. నీ దగ్గర బ్యాండ్ సా ఉంటే ఇంకా నయం, జిగ్సా బ్లేడు మందమైన చెక్కలో కింద వంకరపోతుంది, పైన రెండు ఎంఎం కనిపించినా అడుగున ఐదు ఉండొచ్చు. ఆ తేడా రెండో కోతలో నీకు దెబ్బలా తగులుతుంది. కాబట్టి కోశాక గుణియ (మూలమట్టం) పెట్టి చూసుకో. రౌటర్ చేత్తో పట్టుకుని బయటి అంచు చుట్టూ తిప్పేటప్పుడు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పు. ఇటు తిప్పితే బిట్ చెక్కకి ఎదురు నిలబడి తింటుంది. అటు తిప్పితే చెక్క మీద పరుగు తీసి మెషిన్‌ని చేతిలోంచి లాక్కుంటుంది, ఫర్మా ఊడేది చాలాసార్లు అప్పుడే.

ఇక పెచ్చు. కాలి వంపులో ఒక సగం నార దిగుతూ ఉంటుంది, ఇంకో సగం ఎక్కుతూ ఉంటుంది. బిట్ నార కిందికి దూరే వైపు పెచ్చు లేస్తుంది. రందా పట్టేటప్పుడు నువ్వు చెక్కని తిప్పి పెట్టుకుంటావు కదా, ఇక్కడా అదే చెయ్యాలి. రౌటర్ దిశ మార్చలేం కాబట్టి చెక్కనే తిరగేయాలి. మంచి నార వచ్చే సగం ముందు పైనుంచి కోసి, కాలిని బోర్లించి రెండో సగం కొన బేరింగ్ బిట్‌తో కోయి. ఇలా చేసేటప్పుడు మాత్రం ఫర్మా తీయొద్దు, అది అడుగున ఉంటుంది. బిట్ చెక్క మందం దాటి దాని మీదికి దిగాలి కదా, కాబట్టి కోత పొడవు కనీసం 50 ఎంఎం ఉన్నది అర అంగుళం షాంక్‌లో తీసుకో. పావు అంగుళం షాంక్ ట్రిమ్మర్‌తో అంత పొడవు బిట్ తిప్పొద్దు, షాంక్ వణుకుతుంది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బిట్ పదును తొందరగా పోతుంది. మొండి బిట్ కోయదు, నెడుతుంది. ఆ నెట్టుడంతా టేప్ మీదే పడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట ముందే చెప్పాల్సింది. నీ పని కుర్చీ వెనక కాలు. దాని లోపలి ముఖం మీద వెనక పట్టీ కుసి (పట్టీ చివర చెక్కిన నాలుక) దిగడానికి బెజ్జం (దానికి సరిపడే గుంట) తీస్తావు, పైన తల పట్టీకి ఇంకో బెజ్జం. ఆ రెండూ ఎలాగూ తొలిచేసే చోట్లే. అక్కడ ఫర్మాలోంచి ఒక్కో స్క్రూ దించెయ్. బెజ్జం 25 ఎంఎం లోతు అనుకుంటే స్క్రూ చెక్కలోకి 15 ఎంఎం దిగితే చాలు, తర్వాత బెజ్జం తీయగానే ఆ రంధ్రం కూడా పోతుంది. స్క్రూ తల ఫర్మాలోకి పూర్తిగా మునగాలి, లేకపోతే రౌటర్ పీట దానికి తట్టుకుంటుంది. ఫర్మా ఎప్పుడూ లోపలి ముఖం మీదే కూర్చోవాలి కాబట్టి కుడి కాలికీ ఎడమ కాలికీ దాన్ని తిరగేయాల్సి వస్తుంది. సన్‌మైకా రెండు ముఖాలకీ వెయ్యి, స్క్రూ తల మునిగే గుంట రెండు వైపులా తియ్యి. ఇలా స్క్రూలు పట్టాక టేప్ అవసరం కింది చివర ఒక్కచోటే, అక్కడ బెజ్జం ఏదీ రాదు కాబట్టి.

ఎక్కడ స్క్రూ దాగుతుందో అక్కడ స్క్రూ, ఎక్కడా దాగకపోతేనే టేప్. పూజా మందిరం తోరణం లాంటివి రెండు వైపులా కనపడతాయి, అక్కడ టేప్ తప్పదు. 2023లో అయోధ్య గుడి తలుపులకి మా బల్లార్షా డిపో నుంచే టేకు పోయింది. అలాంటి కర్ర మన చేతిలోకి వచ్చినప్పుడు పది రూపాయల టేప్ దగ్గర పాడవడం నాకు ప్రాణం ఒప్పదు. అందుకే ఇంత రాశాను.


ప్రాణహిత_వడ్రంగి (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నా, బెజ్జం చోట స్క్రూ అన్నది నిజంగా పెద్ద సాయం. ఫర్మాకి రెండు వైపులా సన్‌మైకా వేసి, రెండు స్క్రూలు, కింద ఒక ముక్క గుడ్డ టేప్‌తో మిగతా కాళ్లన్నీ కోశాను. నిన్న అన్నిటినీ వరుసగా నిలబెట్టి పైన సూటి బద్ద పెట్టి చూశాం, ఎక్కడా వెలుతురు కనపడలేదు. నాన్న ఒక్కో కాలి అంచు మీద వేలు రాసి చూసి, అడుగున కొద్దిగా బ్లేడు గీతలు ఉన్నచోట రందా ఆడించమన్నారు, అంతే.

ఒక్క ప్రశ్న మిగిలింది. కింద టేప్ ఉన్న చోట చెక్క మీద ఒక జిడ్డు ముద్రలా ఉంది. దీని మీద మెలమైన్ పాలిష్ వేస్తే మచ్చ కనపడుతుందా? కాగితంతో రుద్దితే పోతుందా?


మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

ముందే రుద్దకు బాబూ. రాపిడి వేడికి జిగురు కరిగి కాగితానికి పట్టి, చుట్టూ పాకి ఇంకా పెద్ద మచ్చ అవుతుంది. ముందు టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డని ఆ ముద్ర మీద రెండు నిమిషాలు ఉంచు, జిగురు ఉబ్బి ముద్దగా లేస్తుంది. దాన్ని పుట్టీ బ్లేడుతో నార వెంబడే గీకు. తర్వాత తిన్నర్‌తో తుడువు, ప్రతిసారీ గుడ్డ మడత మార్చు, లేకపోతే ఆ జిగురునే పలచగా చెక్కంతా పూసినట్టవుతుంది. పూర్తిగా ఆరాక 150, ఆపైన 220 కాగితం. కాలి మొత్తం ముఖం ఒకేలా రుద్దు, ముద్ర ఉన్న చోటే రుద్దితే రంగు తేడా వస్తుంది. పోయిందో లేదో పాలిష్ వేశాక కాదు, ముందే చూసుకో. తిన్నర్‌తో తడిపినప్పుడు ఆ చోటు మిగతా చెక్కతో సమానంగా చిక్కబడితే జిగురు లేదు. పాలిపోయి కనపడితే ఇంకా ఉంది, ఇంకోసారి టర్పెంటైన్ వెయ్యి.